నాన్నను మళ్లీ చర్చికి రప్పించిన ఆటో అన్నకు వందనాలు

అందరికీ వందనాలు.

నాన్నకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసినప్పటి నుంచి మాకు అండగా ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ నాలుగు మాటలు. ముఖ్యంగా మా వీధి చివర ఉండే ఆటో అన్నకు. పేరు రాయొద్దని గట్టిగా చెప్పాడు కాబట్టి రాయడం లేదు. మా ఊరివాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒంగోలు వెళ్లాలి, మిషన్ మీద నాలుగు గంటలు ఉండాలి, మళ్లీ ఇల్లు చేరాలి. నేను హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎవరు తీసుకెళ్తారని అందరం టెన్షన్ పడుతుంటే, అడగకుండానే అన్న తెల్లవారుజామున ఆటో తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. డీజిల్ డబ్బులు తప్ప కిరాయి ముట్టుకోలేదు. డయాలసిస్ అయ్యాక నాన్నకు బీపీ పడిపోయి కళ్లు తిరిగేవి. అందుకని వెనక సీటు మీద దుప్పటి పరిచి, దిండు పెట్టి ఉంచేవాడు. ఒకరోజు దారిలో సూది తీసిన చోట మళ్లీ రక్తం వస్తే, ఆటో పక్కకు ఆపి, దూదిని బొటనవేలితో అదిమిపట్టుకుని, ఆగేదాకా అలాగే కూర్చున్నాడట. ఆ పూట బేరాలన్నీ పోయాయి. ఇదంతా నాన్న చెప్తేనే నాకు తెలిసింది.

నాన్న చర్చికి వెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది. అప్పట్లో ఒక సంఘ పెద్ద చీటీలు నడిపేవాడు. ఆదివారం ముందు నిలబడి ప్రార్థన చేసే మనిషి కదా అని నాన్నతోపాటు చాలామంది కట్టారు. ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. పోయిన డబ్బును నాన్న కొన్నాళ్లకు మరచిపోయాడు గానీ, ఆ మనిషి ప్రార్థన చేసిన గొంతును మరవలేకపోయాడు. బైబిలు బీరువాలోకి వెళ్లింది. నాన్నను చూసి చిన్నాన్న, ఆయన పిల్లలు కూడా ఆగిపోయారు. చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరిచేవాడి, అంటే విశ్వాసం నుంచి తప్పిపోయేలా చేసేవాడి గురించి చెబుతూ, మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో పడేయడమే వాడికి మేలని యేసు ఎందుకంత కఠినంగా అన్నాడో మా ఇంటిని చూస్తే తెలుస్తుంది.

అన్న ఏనాడూ నాన్నకు వాక్యం చెప్పలేదు. మొదట్లో ఒకసారి "ప్రార్థన చేయనా బాబాయ్?" అని అడిగితే నాన్న వద్దన్నాడు. "సరే బాబాయ్" అని టీ తాగడానికి బయటికి వెళ్లాడు. మళ్లీ అడగలేదు, రావడమూ మానలేదు. ఎండలు తగ్గాక ఒకరోజు మిషన్ మీద ఉండగా నాన్నే "ఏరా, ఆ ప్రార్థనేదో చెయ్యి" అన్నాడట. ఆ చీటీల పెద్ద, ఈ అన్న ఇద్దరూ ఒకే సంఘంలో, ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవాళ్లు.

ఒంగోలు సంఘాల చరిత్ర అనగానే 1878 జూలైలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి చెబుతారు. నాకు మాత్రం అన్నను చూస్తే అంతకు పదేళ్ల ముందే తోళ్ల వ్యాపారం చేసుకుంటూ, తనవాళ్ల మధ్య ఊరూరా తిరిగి మాట్లాడిన ఎర్రగుంట్ల పేరయ్య గుర్తొస్తాడు. కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర గుర్తొస్తాడు.

రక్తం ఇచ్చిన యూత్ పిల్లలకు, విసుక్కోకుండా చూసుకున్న డయాలసిస్ టెక్నీషియన్లకు, ఉప్పు తగ్గించి నాన్నకు విడిగా కూర వండి పంపిన పక్కింటి పిన్నికి కూడా మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు.

నాన్న ఇప్పుడు ఆదివారాలు చర్చికి వెళ్లి చివరి బెంచీలో కూర్చుంటున్నాడు. చిన్నాన్న ఇంకా రాలేదు, ఆయన కోసం ప్రార్థన చేయండి. అన్నా, క్రిస్మస్‌కు నేను ఊరికి వస్తున్నాను. కిరాయి తీసుకోకపోతే మానె, వదిననీ పిల్లలనీ తీసుకుని మా ఇంటికి భోజనానికి రావాలి. పిలవడానికి నాన్నే మీ ఇంటికి వస్తానంటున్నాడు.