పగిలేది ఎల్బో, తిట్లు జనానికి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీల్లో మా పట్టణం తాగునీటి లీకేజీల మీద వార్త వేశారు. సంతోషం. నడివీధిలో నీళ్లు పారుతున్న ఫొటో కూడా బాగా వచ్చింది. కానీ దాని కింద ఇంజనీరుగారి వివరణ చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. జనం కుళాయిలు మొరటుగా తిప్పుతున్నారట, పిల్లలు పట్టుకుని వేలాడుతున్నారట, అందుకే కారుతోందట. నాది పైపుల షాపు. పగిలిన ముక్క చేత్తో పట్టుకుని ‘ఇలాంటిదే ఇంకోటి ఇవ్వండి’ అంటూ వచ్చేవాళ్లు రోజూ ఎవరో ఒకరు ఉంటారు. ఆ ముక్కలు దాదాపు అన్నీ ఒకే చోట చీలి ఉంటాయి. ఊళ్లో పిల్లలంతా కూడబలుక్కుని సరిగ్గా అక్కడే వేలాడుతున్నారు కాబోలు!

కొత్త కనెక్షన్లు ఎలా ఇచ్చారో మా వీధుల్లో అందరూ చూశారు. నేలలోంచి నల్ల పైపు, గోడ వారన ప్లాస్టిక్ ఎల్బో (పైపును మలుపు తిప్పే ముక్క), ఆ ఎల్బో త్రెడ్‌లోకి, అంటే మరచుట్లలోకి, ఇనుప నిపుల్ (రెండు కొసలా మరలున్న పొట్టి గొట్టం), దానిమీద కుళాయి. జబ్బంతా ఆ ఎల్బోలోనే ఉంది. నిపుల్ మీది త్రెడ్ మూతి దగ్గర సన్నగా మొదలై వెనక్కి పోయేకొద్దీ లావెక్కుతుంది. బిగిస్తున్నకొద్దీ ఆ లావు భాగం దిగి, దుంగలో దిగిన మేకులా బయటి ముక్కను చీల్చాలని చూస్తుంది. బయటిది ఇత్తడైతే ఓర్చుకుంటుంది. ప్లాస్టిక్ అయితే ఆ పూటకు సాగి ఊరుకుంటుంది, చుక్క కూడా కారదు. కాంట్రాక్టరు ఫొటో తీసుకుంటాడు, బిల్లు పాసవుతుంది. ఆ తర్వాత ఎప్పుడో వెంట్రుకంత గీత పడుతుంది. అప్పుడు తప్పు ఇంటివాడిది!

ఫీమేల్ త్రెడ్ (లోపలివైపు మరలు) ఉండాల్సిన చోట లోపల ఇత్తడి పోసిన ఎఫ్‌టీఏ, అంటే ఫీమేల్ త్రెడ్ అడాప్టరు గాని, బ్రాస్ ఎల్బో గాని వేయాలి. ప్లాస్టిక్ త్రెడ్ వాడక తప్పకపోతే అది మేల్ వైపు (బయటివైపు మరలు) ఉండాలి. అంటే ఎంటీఏ (మేల్ త్రెడ్ అడాప్టరు) తీసుకెళ్లి ఇత్తడి వాల్వులో బిగించుకోవచ్చు, ఏమీ కాదు. ఇనుప నిపుల్‌ని ఒట్టి ప్లాస్టిక్‌లోకి ఎక్కించడం మాత్రం కూడదు. నా షాపులో సామాన్లు అందించే కుర్రాడికి కూడా తెలిసిన సంగతి ఇది. తెలిసినవాళ్లను టెండరు రాయమని ఎవరూ అడగరు కదా. ఇత్తడిది ఖరీదెక్కువ, ఎల్-1 వాడికి, అంటే అందరికంటే తక్కువకు టెండరు వేసినవాడికి గిట్టదు, అంతే కథ.

ఇక బిగించే పద్ధతి చూడాలి. ఇనప పైపుల కాలంలో నార చుట్టి, తెల్ల రంగు పూసి, రెంచికి ఇంకో పైపు తొడిగి ఇద్దరు వేలాడేవారు. అదే చెయ్యి ఇప్పుడు సీపీవీసీ అనే ప్లాస్టిక్ మీద పడుతోంది. నూనె కలిసిన పుట్టీలు, రంగులు కొన్ని ఈ ప్లాస్టిక్‌ను లోలోపల పెళుసు చేస్తాయి. టెఫ్లాన్ టేపు చాలు. త్రెడ్ మూతి మనవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కుగా మూడు నాలుగు చుట్లు వేసి, చేత్తో బిగినంత బిగించి, ఆపైన రెంచితో ఒక చుట్టు, మహా అయితే ఒకటిన్నర. మా ఊరి పనివాళ్లు సగం రీలు చుడతారు. టేపు జారుడు సరుకు, ఎంత బిగుస్తుందో చేతికి తెలియదు. ఫట్‌మన్నాక తెలుస్తుంది. ఇంకొందరైతే త్రెడ్ మీద కూడా సొల్యూషన్ పూసి అతికించేస్తారు, రేపు ఆ కుళాయి మార్చాలంటే గోడ పగలగొట్టాల్సిందే. మరికొన్ని ఇళ్లలో అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన షవరు. అక్కడి త్రెడ్ కోణం 60 డిగ్రీలు, మనది 55. అరంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి 14 మరచుట్లే కాబట్టి రెండు చుట్లు ఎక్కి, ఆపైన సరిగా కూర్చోక మోసం చేస్తుంది. చెబితే నాకు సరుకు అమ్ముకోవాలని ఆశ అంటారు.

పనివాళ్లనైనా ఏమనగలం? ఐటీఐలో ప్లంబరు కోర్సు ఏడాదిది ఉంది, చేరేవాళ్లేరి? ఒడిశాలో పట్టాముండై అనే చిన్న ఊళ్లో ప్లంబింగుకే ప్రత్యేక సంస్థ ఉంది. ఆ ఊరున్న కేంద్రపడా జిల్లా వాళ్లు దేశమంతా వెళ్లి పనిచేస్తున్నారు. మనవాళ్లు మేస్త్రీ పక్కన నాలుగు నెలలు సంచి మోసి ప్లంబర్లయిపోతారు.

ఇదంతా నీళ్లు పోతున్నాయన్న బాధ ఒక్కటే అయితే ఇంత రాయను. క్షణానికో చుక్క కారినా బోలెడు నీళ్లు పోతాయి, అది వేరే లెక్క. కానీ మా ఊళ్లో ఆ ఎల్బోలు ఉన్నది ఎక్కడ? మురుగు కాలువ అంచున, కొన్నిచోట్ల కాలువలోనే. నీళ్లు వదిలేది పొద్దున కాసేపు. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది, బయటికి కారిన చీలికలోంచే కాలువ నీరు లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు మొదటి బిందె ఆ నీళ్లే. ఒడిశాలోనే పూరీలో 2021 నుంచి 24 గంటలూ కుళాయి దగ్గరే తాగే నీళ్లు ఇస్తున్నారు. ఇక్కడ వానాకాలం వాంతులు, విరేచనాలు మొదలైతే క్లోరిన్ బిళ్లలు పంచి, కాచి తాగమని మైకులో చెప్పిస్తారు. పల్లెలకు జల్ జీవన్ మిషన్‌లో రోజుకు తలకు 55 లీటర్లని రాసుకున్నారు, పట్టణాల్లో 135 అంటారు. అందులో కాలువ వాటా ఎన్ని లీటర్లో కూడా ఏ కాగితంలోనైనా రాస్తే బాగుండు.

మీ విలేకరికి ఒక్క మనవి. ఈసారి వెళ్లినప్పుడు పైపును కాదు, ఫిట్టింగును తిప్పి చూడమనండి. పైపు మీద ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 4984 అని బారుగా అచ్చు ఉంటుంది. దాని పక్కన తగిలించిన ఎల్బో మీద చాలాచోట్ల కంపెనీ పేరు కూడా కనపడదు. ముద్ర ఉంటే కింద లైసెన్సు నంబరు ఉంటుంది, ఆ ముద్ర ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అసలో నకిలీయో తేలిపోతుంది. జరిగిన పని రాసుకునే కొలతల పుస్తకంలో సంతకం పెట్టే అధికారుల ఫోన్లలో ఆ యాప్ ఉందో లేదో కూడా అడగమనండి.

మా వార్డు సభలో ఈ మాటలే చెబితే ‘రాసివ్వండి, పైకి పంపుతాం’ అన్నారు. రాసిచ్చాను. ఏ పైకి పోయిందో తెలియదు. ఇంజనీరుగారికి తీరికైతే మా షాపుకు రావచ్చు. చీలిన ఎల్బోలు ఒక గోనెసంచికి సరిపడా దాచాను, ఏది ఏ వీధిదో చీటీ కట్టి మరీ.

– పైపుల వ్యాపారి, పశ్చిమ గోదావరి జిల్లా
(మున్సిపాలిటీ వాళ్లతో రోజూ పని పడుతుంది, పేరు వేయవద్దని మనవి.)