మీ నాయనమ్మ లాంటి ఒకామె ఇక్కడ కనిపించింది

అరేయ్ సంపత్,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. ఉగాదికి నువ్వు పెట్టిన అంత పెద్ద మెయిల్‌కు ఆగస్టులో జవాబు రాస్తున్నా. చదవక కాదు, చాలాసార్లు చదివా. ఖిలా వరంగల్‌లో మీ ఇల్లు అమ్మేసి హనుమకొండ ఫ్లాట్‌కు పోవాలా, ఏం చెయ్యమంటావ్ రా అని నువ్వు అడిగిన దానికి ఏం చెప్పాలో తోచలేదు. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. ఉద్యోగం అట్లనే నడుస్తోంది, సునీత నడుం నొప్పి తగ్గింది, చిన్ని ఈ సెప్టెంబర్‌లో ఒకటో తరగతి, అమ్మ దసరా అయ్యాక మ్యూనిక్ వస్తానంటోంది కానీ చలి తలుచుకుని రోజుకో మాట మారుస్తోంది. అంతే. ఇక అసలు సంగతికి వస్తా, చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేట్టుంది.

సెలవులకు క్రొయేషియా వచ్చాం. సముద్రం ఒడ్డున స్ప్లిట్ అని ఊరు. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ పదవిలో ఉండి ఉండి, 305లో తనంతట తానే దిగిపోయి, పుట్టిన ప్రాంతంలోనే సముద్రానికి ఎదురుగా కట్టించుకున్న కోటలో ఉండిపోయాడు. వెనక్కి వచ్చి మళ్ళీ రాజ్యం చెయ్యమని పిలిస్తే, నా చేత్తో వేసిన కూరగాయలు చూస్తే నువ్వీ మాట అడగవు అన్నాడట. కోట మరీ పెద్దదేం కాదు, ఒక వైపు 215 మీటర్లు, ఇంకో వైపు 180 దాకా. సంగతేమిటంటే, ఏడో శతాబ్దంలో పక్కనున్న సలోనా పట్నం మీద దాడులు జరిగితే అక్కడి జనం పారిపోయి వచ్చి ఈ గోడల్లో తలదాచుకున్నారు. ఆనాటి నుంచి ఈనాటి దాకా జనం ఇందులోంచి పోలేదు. రాజుగారి గదుల్లో ఇళ్ళు, వరండాల్లో ఇళ్ళు, గోడ మందంలో ఇళ్ళు. 1979లో యునెస్కో వాళ్ళు జాబితాలో చేర్చినప్పుడు కూడా కోట ఖాళీ చేయించలేదు, ఆ కాపురాలతో సహా చేర్చారు.

ఇది చదువుతుంటే నీకేం గుర్తొస్తోందో నాకు తెలుసు. ఆగు, అక్కడికే వస్తున్నా.

మేం దిగింది కోట లోపలే, ఒక చిన్న హోటల్‌లో. కారు బయట వదిలేసి పెట్టెలు ఈడ్చుకుంటూ తూర్పు వాకిలి, వెండి ద్వారం అంటారు, అందులోంచి లోపలికి నడిచాం. ఆ వాకిలి బయటే కూరగాయల మార్కెట్, అత్తిపండ్లు కుప్పలు పోసి ఉన్నాయి, చిన్నిని అక్కడి నుంచి లాక్కు రావడమే పెద్ద పని అయింది. లోపల బాటంతా తెల్ల రాయి, వందల ఏళ్ళ నడకకు అరిగి నున్నగా మెరుస్తోంది, తడిస్తే జారుతుంది. హోటల్‌లో గదులు కొన్నే, లిఫ్ట్ లేదు, మెట్లు ఎంత ఇరుకంటే పెట్టెను తల మీద పెట్టుకుని ఎక్కాలి. కానీ గది చూడగానే అలసట పోయింది రా. మంచం తలవైపు గోడకు సున్నం వెయ్యకుండా రాళ్ళు అట్లనే వదిలేశారు. హోటల్ వాళ్ళమ్మాయి చూపించింది, కింద ఈ పెద్ద రాళ్ళు రోమన్ల కాలంవి, పైన చిన్నవి మధ్యయుగాలవి, ఆపైన ఇటుకలు మా ముత్తాతవి అని. ఒక్క గోడలో అన్ని కాలాలూ! నేను రాత్రి దీపం ఆర్పాక కూడా చేత్తో తడుముతూనే ఉన్నా. సునీత మాత్రం రాత్రి ఒంటిగంట దాకా సందులో జనం గోల, పొద్దున్నే గంటలు అని ఒకటే సణుగుడు. గంటలంటే ఆ పక్కనే ఉన్న చర్చివి. ఆ చర్చి సంగతి కూడా చెప్పాలి నీకు. అది నిజానికి డయోక్లీషియన్ తన కోసం కట్టించుకున్న సమాధి. క్రైస్తవులను అంత హింసించినవాడు కదా, సలోనా బిషప్ డొమ్నియస్‌ను 304లో చంపించింది కూడా ఆయన ఏలుబడిలోనే. తర్వాత కాలంలో ఆ సమాధినే అదే బిషప్ పేరు మీద చర్చి చేశారు. రాజు శవపేటిక లేదు, ఎటుపోయిందో ఎవరికీ తెలియదు. ముందర ఈజిప్టు నుంచి తెప్పించిన నల్లరాతి స్ఫింక్స్ ఒకటి ఉంది, చిన్నికి అది కుక్క. పోయినప్పుడల్లా దానికి టాటా చెప్పాల్సిందే.

సరే, అసలు కథ. మా కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ, మధ్యలో సందు. చెయ్యి చాపితే ఎదురింటి బట్టల తాడు అందుతుంది. ఆ తాడు గిలకల మీద తిరుగుతుంది, కిటికీలో నిలబడి లాగితే బట్టలు ముందుకు నడుస్తాయి, బావి దగ్గర మీ ఇంట్లో ఉండేదే ఆ గిలక. రెండో రోజు పొద్దున చిన్ని కిటికీలో ఆడుతూ ఒక సాక్సు జారవిడిచింది. అది పోయి ఆ తాడు మీద ఒక దుప్పటి మడతలో పడింది. ఎదురు కిటికీలోంచి ఒక పెద్దామె, ఎనభై దాటి ఉంటాయి, నల్ల గౌను, తెల్ల జుట్టు ముడి, తాడు లాగి సాక్సు తీసి, చిన్నికి చూపించి, ఇవ్వకుండా లోపల పెట్టేసుకుంది! చేత్తో రమ్మని సైగ. చిన్ని నా వైపు చూసింది, నేను సునీత వైపు చూశా. హోటల్ వాళ్ళమ్మాయి నవ్వి, ఆమె మా అమ్మమ్మ స్నేహితురాలు, పదండి నేనూ వస్తా, మాట అందిస్తా అంది.

పోయాం. చీకటి మెట్లు, పైన చిన్న ఇల్లు. వంటింట్లోకి తీసుకుపోయింది. అరేయ్ సంపత్, వంటింట్లో స్తంభం ఉంది రా! రాతి స్తంభం, సగం గోడలో, సగం బయటికి, పొయ్యికీ ఫ్రిజ్‌కూ మధ్యన. కింద నేలలోకి పోయింది, పైన కప్పులోకి పోయింది. దాని చుట్టూ తీగ చుట్టి గరిటెలు, వెల్లుల్లి జడ వేలాడదీసింది. పక్కన చర్చి క్యాలెండర్. నేను అక్కడే నిలబడిపోయా. నాకు ఆ స్తంభం కనబడలేదు, మీ బర్రె మహారాణి గారి స్తంభం కనబడింది. మీ కొట్టంలోది. పలుపుతాడు రాసుకుని రాసుకుని నడుమున గాడి పడిన ఆ స్తంభం, నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియని ఆ కింది చెక్కడం.

పెద్దామె సోపార్నిక్ అని ఒకటి పెట్టింది. పలచటి రెండు రొట్టెల మధ్య పాలకూర లాంటి ఆకు పెట్టి కాల్చి, పైన వెల్లుల్లి, ఆలివ్ నూనె రాసి, సకినాలంత ఓపిగ్గా డైమండ్ ముక్కలు కోసింది. సునీత రెండుసార్లు వడ్డించుకుంది. తింటూ నేను ఆ అమ్మాయితో చెప్పమన్నా, మా వరంగల్‌లో కూడా ఇట్లాంటి కోట ఉంది, గణపతిదేవుడు మొదలుపెడితే కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది, రాతికోట బయట మట్టికోట, మధ్యలో నాలుగు తోరణాలు, వాటి నడుమ కూలిన గుడి, ఆ కోట లోపల ఇప్పటికీ ఊరుంది, నా స్నేహితుడి ఇల్లు అక్కడే, వాళ్ళ నాయనమ్మ కాకతీయుల స్తంభానికి బర్రెను కట్టేస్తుంది అని. అమ్మాయి ఒక్కో మాటా చెబుతుంటే పెద్దామె కళ్ళు చిన్నవి చేసుకుని విన్నది. అంతా విని ఏమడిగిందో తెలుసా? ఆ బర్రె పూటకు ఎన్ని పాలిస్తుంది అని! రుద్రమదేవి గురించి కాదు, తోరణాల గురించి కాదు. ఇల్లు నడిపినామె అడగాల్సిన ప్రశ్న అది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎందుకో చెప్పలేను.

తర్వాత ఆమె అరచేత్తో స్తంభాన్ని తట్టి చెప్పింది, ఎండాకాలం చల్లగా ఉంటుంది, మా అమ్మ పనంతా అయ్యాక దీనికి వీపు ఆనించి కూర్చునేది అని. నన్నూ ఆనుకోమంది. ఆనుకున్నా. నిజంగానే చల్లగా ఉంది.

ఆమె చెప్పినవాటిలో ఇంకోటి, మన నాయనమ్మల మాటలాగే ఉంటుంది. కోట దక్షిణం వైపు, సముద్రం పక్క, రాజుగారి గదుల కింద పెద్ద నేలమాళిగలు ఉన్నాయి. పైన ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు నేలకు రంధ్రం పెట్టి చెత్తా, మురికీ అందులోకి వదిలేవారు. వందల ఏళ్ళు అట్లా నిండిపోయాయి. 1950ల్లో తవ్వడం మొదలుపెట్టి తోడితే ఏమైందో చూడు, పైన రాజు గదులు చాలావరకు పోయాయి కానీ కింది గదులు చెక్కుచెదరలేదు. పైన ఎట్లా ఉండేదో కిందా అదే కొలత. అంటే ఆ చెత్తే రాజమహల్ నక్షాను కాపాడింది. మేం పోయి చూశాం, ఆ కమానులు చూస్తుంటే మెడ నొప్పి పుట్టింది. తోడేటప్పుడు తను చిన్నపిల్ల అట, బండ్లకొద్దీ మట్టి పోతుంటే వెనకాల పరుగెత్తేవాళ్ళట.

ఇక్కడి దాకా సంతోషంగానే ఉంది. చిన్ని సాక్సు ఎప్పుడిస్తావని గొడవ చేస్తోంది. అప్పుడు నేను ఊరికే అడిగా, ఈ మెట్ల మీద మీ ఇరుగుపొరుగు ఎవరెవరు అని. ఆమె వేళ్ళు మడిచి చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. కింద ఇల్లు టూరిస్టుల గది. పైన ఇల్లు టూరిస్టుల గది. ఎదురుగా మేం ఉన్న హోటల్, అదీ ఒకప్పుడు కాపురమే. ఎండాకాలం పొద్దున నాలుగింటికి రాళ్ళ మీద పెట్టె చక్రాల చప్పుడు, చలికాలం వస్తే సందులో దీపాలు వెలిగే కిటికీలు వెతుక్కోవాలి. కొడుకు అమ్మేద్దామంటున్నాడట. ఊరి బయట ఫ్లాట్, లిఫ్ట్ ఉంటుంది, నీ మోకాళ్ళకు మంచిదమ్మా అని. ఆమెకు కోపం లేదు రా. వాడి మాటా నిజమే అంది. కిటికీ మార్చాలన్నా అనుమతి, గోడకు మేకు కొట్టాలన్నా అనుమతి, ఎంతకని పడతాడు వాడు మాత్రం, అంది.

నీ ఉగాది మెయిల్ అక్షరం పొల్లుపోకుండా ఆమె నోట విన్నా. హనుమకొండ ఫ్లాట్, నాయనమ్మ మోకాళ్ళు, రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త ఇటుక పెట్టొద్దనే రూలు, ఆ కాగితాల కోసం నువ్వు తిరిగిన తిరుగుడు. అంత దూరాన నువ్వు, ఇక్కడ ఈమె కొడుకు, ఒకరికొకరు తెలియదు. నువ్వు అడిగింది ఏంటి, ఏం చెయ్యమంటావ్ రా అని. నేను అమ్ముకో అనలేను, అమ్మొద్దు అనలేను, ఇంట్లో ఉండేది నేను కాదు. కానీ ఒకటి గట్టిగా అనిపించింది. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనం ఎంత ఎగిరాం, స్టేటస్‌లు పెట్టాం. ఖిలా వరంగల్ అంటే మాత్రం తోరణాలు, లైట్ల షో. లోపల ఉన్న ఊరిని కోటకు అడ్డం అన్నట్టే మాట్లాడతారు. ఇక్కడ నేను చూసింది వేరే. జనం పోయిన సందులు సినిమా సెట్టింగ్‌లా అందంగా ఉన్నాయి, గరిటెలు వేలాడుతున్న స్తంభం ఒక్కటే బతికి ఉంది. మీ కొట్టం కోటకు అడ్డం కాదు, అదీ కోటే, దాన్ని ఇంకెట్లా చెప్పాలో...

ఒక పని చెయ్యగలవా? హోటల్ మెట్ల దగ్గర పాత బొమ్మలు తగిలించారు. రాబర్ట్ ఆడమ్ అని స్కాట్లాండ్ వాస్తుశిల్పి 1757లో వచ్చి, అయిదు వారాలు ఉండి ఈ కోటనంతా కొలిపించి గీయించాడు. గోడలు కొలుస్తున్నాడని అప్పటి వెనిస్ అధికారికి గూఢచారేమోనని అనుమానం కూడా వచ్చింది. 1764లో పుస్తకం వేశాడు. ఆ నకళ్ళ ముందు నిలబడితే నాకు నువ్వే గుర్తొచ్చావు. నీ డిప్లొమా డ్రాయింగ్ చూసి సారు బోర్డుకు అంటించింది మర్చిపోయావా? మీ ఇల్లు గీయి. వంటిల్లు ఎక్కడ, బావి ఎక్కడ, ఏ రాయి ఏ గోడలో ఉంది, స్తంభానికి గాడి ఎంత ఎత్తున ఉంది, అన్నీ కొలిచి గీయి. పక్కన నాయనమ్మను కూర్చోబెట్టి ఆ రాయి ఎప్పుడొచ్చింది, ఎవరు తెచ్చారు అడిగి ఫోన్‌లో రికార్డు చెయ్యి. అమ్మినా అమ్మకపోయినా ఈ పని ముందు చెయ్యి. దీపావళికి వస్తే టేపు రెండో చివర నేను పట్టుకుంటా.

సాక్సు చివరికి ఇచ్చింది, అందులో నిండా బాదంపప్పులు పోసి. వచ్చేటప్పుడు చిన్ని ఆమె కాళ్ళు మొక్కింది, అమ్మమ్మకు మొక్కినట్టు, మేం చెప్పకుండానే. పెద్దామె బెదిరిపోయి దాన్ని ఎత్తుకోబోయింది. ఆ రాత్రి పైకప్పు లేని గుండ్రటి గదిలో, రాజుగారి ఇంటి ముందు హాలు అది, అయిదారుగురు మగవాళ్ళు వాయిద్యాలు లేకుండా పాడుతుంటే విన్నాం. దాని గురించి ఇంకో ఉత్తరం రాయాలి, ఆ పాట గోడలకు తగిలి...

సునీత పిలుస్తోంది, బ్రాచ్ దీవికి పోయే ఫెర్రీ వచ్చేసిందట, ఈ కోటకు రాయి తెచ్చిన దీవి అదే. నువ్వు మాత్రం ఒకటి వెంటనే కనుక్కో. మీ పెరటి గోడలో, నీళ్ళ తొట్టి వెనకాల, హంస చెక్కిన రాయి ఒకటి ఉండేది కదా, తోరణాల మీద ఉండే హంసలాంటిదే, నువ్వు దానికి బొట్టు పెట్టేవాడివి. అది ఇంకా ఉందా, మొన్న గోడకు సిమెంటు పూసినప్పుడు కప్పేశారా? నాయనమ్మను అడిగి ఫొటో పంపు. ముందు వరసలో కార్లు కదిలాయి, ఉంటా.

నీ
శ్రీధర్