నాన్న కళ్ల మీద తడి దూది పెట్టిన అక్కకి

నిన్నటితో నాన్న పెద్దకర్మ అయిపోయింది. షామియానా వాళ్లు కుర్చీలు లెక్కపెట్టుకుని ఎత్తుకెళ్తున్నారు, నేను అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పది రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే ఏమనుకోకండి. ఫోన్ చేసినవాళ్లందరితో విడివిడిగా మాట్లాడే ఓపిక లేదు.

నాన్న 31 ఏళ్లు లయన్స్ క్లబ్‌లో ఉన్నారు. ఒక్కసారి కూడా ప్రెసిడెంట్ కాలేదు. ఎందుకని అడిగితే, "దండలు వేయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కుర్చీలు సర్దేవాడు ఒకడుండాలిగా" అనేవారు. ఆయన ఇష్టంగా చేసిన పదవి ఒక్కటే, టెయిల్ ట్విస్టర్. క్లబ్బు బయటివాళ్లకి ఈ పేరు వింటే నవ్వొస్తుంది. మీటింగుకి ఆలస్యంగా వచ్చినా, కోటుకి పిన్ను పెట్టుకోవడం మర్చిపోయినా అందరి ముందూ ఆటపట్టించి పదో ఇరవయ్యో జరిమానా వసూలు చేయాలి. దానికోసం మా ఇంట్లో పాత బోర్న్‌విటా డబ్బా మూతకి చీలిక పెట్టుకున్నారు. డాక్టర్లనీ, లాయర్లనీ కూడా వదిలేవారు కాదు.

కానీ ఆయన ప్రాణమంతా కంటి క్యాంపుల మీదే. 1925లో అమెరికాలో లయన్స్ మహాసభకి, చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ వచ్చి, చూపు లేనివాళ్ల కోసం మీరు నిలబడాలని అడిగింది. ఆ సంగతి నాన్న ఎన్ని బడుల్లో చెప్పారో లెక్కలేదు, తను ముందు వరసలో కూర్చుని విన్నట్టే చెప్పేవారు. శుక్లాల ఆపరేషన్లయి నల్లకళ్లద్దాలతో బస్సు దిగే ముసలివాళ్లని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని దింపి, తలలు లెక్కపెట్టి, ఒకరు తగ్గితే మళ్లీ బస్సెక్కి వెతికేవారు.

తర్వాత నేత్రదానం మీద పడ్డారు. చనిపోయాక ఆరు గంటల్లోపు కార్నియా తీసేయాలి. ఈలోపు ఫ్యాను ఆపాలి, రెప్పలు మూయాలి, తల కింద దిండు పెట్టాలి, రెప్పల మీద తడి దూది ఉంచాలి. ఇదంతా నాకు ఎక్కాల్లా వచ్చు. ఎందుకంటే ఆ డెమో నా మీదే చూపించేవారు. ఆరో తరగతిలో నన్ను స్కూలు బల్ల మీద పడుకోబెట్టి, కళ్ల మీద చల్లటి దూది పెట్టి, "కళ్లు పీకేయరమ్మా, నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒక్కటే తీస్తారు" అని పిల్లలకి చెప్పేవారు. నేను నవ్వాపుకోలేక కదిలితే దూది జారిపోయేది. బతికున్న పిల్లని పట్టుకుని ఇవేం పనులురా అని నాయనమ్మ తిట్టిపోసేది.

అంత నేర్చుకున్న నాకు, ఆ రాత్రి 11:40కి నాన్న పోయారని చెప్పగానే ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఐసీయూ పక్కన చిన్న గదిలోకి మార్చారు. పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. నేను ఆయన పాదాలు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

గది తుడవడానికి వచ్చిన ఆయా అక్క ఆగింది. "బాబాయ్ కళ్లు రాసిచ్చాడా?" అని అడిగింది. నాన్న చొక్కా జేబులో నుంచి కార్డు బయటికి కనబడుతోందట. తలూపాను. ఇంకేమీ అడగలేదు. ఫ్యాను ఆపింది. ఏసీ వేసింది. రెప్పలు రెండూ బొటనవేలితో నెమ్మదిగా దించి, తల కిందకి రెండు దిండ్లు దోపింది. నర్సు దగ్గర దూది తెచ్చి, తను తాగే నీళ్ల సీసాలో తడిపి, పిండి, కళ్ల మీద పెట్టింది. పోయినేడు ఒక కుర్రాడికి ఇలాగే చేస్తుంటే చూసిందట.

మూడు గంటలు అక్కడే ఉంది. దూది ఆరినప్పుడల్లా తడిపింది. తడిపిన ప్రతిసారీ నాన్న చెవి దగ్గర, "కాస్త ఓర్చుకో బాబాయ్, వస్తన్నారు" అంటోంది. అంతవరకూ ఏడుపు రాని నాకు, ఆ మాటకి ఇక ఆగలేదు.

ఈ మూడు గంటలూ ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి. కార్నియాలు తీసుకెళ్లే ఐబ్యాంకు వాళ్లు, మేం ఫోన్ చేసిన వెంటనే బయల్దేరతామన్నారు. ఆసుపత్రి వాళ్లే, బయటి టీమ్ లోపలికి రావాలంటే మేనేజ్‌మెంట్ పర్మిషన్ కావాలన్నారు. మేనేజ్‌మెంట్ నిద్రపోతోంది. పోనీ ఇంటికి తీసుకెళ్తాం, అక్కడికే వస్తారంటే, ఇన్సూరెన్స్ అప్రూవల్ పొద్దున్న వస్తుంది, అప్పటిదాకా బాడీ ఇవ్వం, లేదా మొత్తం ఇప్పుడే కట్టండన్నారు. బాడీ! సాయంత్రం దాకా పేషెంట్ అటెండర్ అని మమ్మల్ని పిలిచారు, నాన్నకి ఓ పేరుండేది. బిల్లింగ్ కౌంటర్ వెనక గోడకి నేత్రదానం మహాదానం అని పెద్ద పోస్టరు. నేను దాన్ని చూపించి అరిచాను. కౌంటర్లో అబ్బాయికి పాతికేళ్లుండవు, అతని తప్పేం లేదని ఇప్పుడనిపిస్తోంది. బాబూ, ఏమనుకోకు.

చివరికి నైట్ డ్యూటీ డాక్టరమ్మ, "పొద్దున్న ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి" అని తన మీద వేసుకుంది. ఐబ్యాంకు నుంచి ఇద్దరు బైక్ మీద రెండున్నరకి వచ్చారు. చేతులు కడుక్కుని, నాన్నకి దండం పెట్టి పని మొదలుపెట్టారు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అంగీకార పత్రం మీద నేను సంతకం పెట్టాను, సాక్షి సంతకాలు రెండు కావాలన్నారు. ఒకటి తమ్ముడు. రెండోది పెట్టమని ఆయా అక్కని అడిగితే, "నాది చెల్లుద్దా అమ్మా?" అంది. చీపురు గోడకి ఆనించి, చెయ్యి చీరకి తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది.

డబ్బులివ్వబోతే నా గుప్పిట మూసేసింది. "ముందు మీ అమ్మకి అన్నం పెట్టు. అడిగితే తినదు, నువ్వే కలిపి నోట్లో పెట్టాల."

నాలుగో రోజు ఐబ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, రెండూ పనికొచ్చాయని. ఎవరికి పెట్టారో చెప్పరు. ఆ కబురు ఆమెకి చెబుదామని వెళ్తే, కాంట్రాక్టరు వేరేచోటికి మార్చాడన్నారు. ఎక్కడికో చెప్పలేదు. ఆమె పేరు నాకు తెలుసు, రాస్తే ఉద్యోగానికి ఇబ్బందని రాయట్లేదు. అక్కడ పనిచేసేవాళ్లు ఎవరైనా చదివితే, ఎవరో మీకు తెలిసిపోతుంది, దయచేసి ఆమెకి చదివి వినిపించండి. రెండు కళ్లూ పనికొచ్చాయని చెప్పండి.

తమ్ముడు, మరదలు, మా ఆయన, పిన్నీ బాబాయిలకి థాంక్స్ అంటే తిడతారు, అందుకే ఊరుకుంటున్నా. క్లబ్బు వాళ్లు పసుపు కోట్లు వేసుకుని శ్మశానం దాకా నడిచారు. ఆ ఎండలో కోటు ఎంత కష్టమో నాకు తెలుసు.

మర్చిపోయాను, అర్ధరాత్రి బిల్లుకి తక్కువైతే లెక్క అడక్కుండా డబ్బు పంపిన నాన్న ఆఫీసు స్నేహితుడు. ఫ్రీజర్ బాక్సు తెచ్చిన కుర్రాళ్లు. అమ్మకి ఫోన్ చేస్తే ఫ్రిజ్ మీద అంటించిన ఐబ్యాంకు నంబరు ఆమెకి కనబడలేదు, ఎదురింటి పిల్ల వచ్చి చదివి చెప్పింది. ఆసుపత్రి బయట టీ బండి అతను కూడా, నాలుగు టీలకి డబ్బులు తీసుకోలేదు.

క్లబ్బు ట్రెజరర్ గారికి ఒక మాట. బోర్న్‌విటా డబ్బా మా ఇంట్లోనే ఉంది, వచ్చి తీసుకెళ్లండి. మూతలో నాన్న రాసిన చీటీ ఉంది, మొత్తం 360 అని. చివరి పద్దు ఆయన పేరు మీదే, పోయిన మీటింగుకి రానందుకు 20. డబ్బాలో మాత్రం 340 ఉన్నాయి. ఆ ఇరవై నేను వేశాను.