డోర్నకల్ సంఘ చరిత్ర, రిజిస్టర్ల భద్రత: వార్షిక నివేదిక

సభ్యులందరికీ వందనాలు.

ఈ ఏడాది కమిటీ పని ఎక్కువగా బాప్తిస్మ, వివాహ, భూస్థాపన రిజిస్టర్ల మీదే సాగింది. చాలా కుటుంబాలకు తాతముత్తాతల పేరు, ఊరు రాసి ఉన్నది ఈ పుస్తకాల్లోనే. అందుకే కొత్త పనులు పక్కన పెట్టి దీన్ని ముందుకు తెచ్చాం.

డోర్నకల్ తొలి బిషప్పు అజరయ్య గారు 1909లో తిరునల్వేలి మిషనరీ సంఘం తరఫున డోర్నకల్ వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథెడ్రల్ (బిషప్పు గారి ప్రధాన చర్చి) 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు.

రిజిస్టరు ఏ కాలానిదో తేల్చడానికి ఫారం పైన అచ్చు వేసిన సంఘం పేరు కొంత సాయపడుతుంది. 1930 మార్చి వరకు మనది చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్, ఆ తర్వాత చర్చ్ ఆఫ్ ఇండియా, బర్మా అండ్ సిలోన్, 1947 సెప్టెంబరు 27 నుంచి దక్షిణ ఇండియా సంఘం. అయితే పాత ఫారాలు అయిపోయే దాకా వాటి మీదే రాయడం మామూలు. కాబట్టి పైన ఉన్న ఆ పేరును బట్టే సంవత్సరం వేయకూడదు, తేదీ గడినీ గురువు సంతకాన్నీ చూడాలి.

ఎక్కువ పొరపాట్లు ఫసలీ (భూమి శిస్తు లెక్కల సంవత్సరం) దగ్గరే జరుగుతాయి. డోర్నకల్ నిజాం రాజ్యంలో ఉండేది, అప్పట్లో డోర్నకల్ బిషప్పు పరిధిలోనే ఉన్న కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఉదాహరణకు ఫసలీ 1349 మొదలైంది 1939లో. కానీ నిజాం ఫసలీ అక్టోబరు మొదట్లో, మద్రాసు ఫసలీ జూలై 1న మొదలయ్యేవి. కాగితం ఏ వైపుదో తెలియకుండా లెక్క కడితే మూడు నెలల తేడాకే సంవత్సరం మారిపోతుంది. స్థలాల కాగితాల్లో ఇది చాలా ముఖ్యం.

పేర్ల విషయంలో ఒకటే నియమం: ఉన్నది ఉన్నట్టే ఎక్కించాలి. బాప్తిస్మానికి ముందు పేరు ముత్యాలు, తర్వాత దానియేలు అయితే రెండూ రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే వదలాలి. మనం ఊహించి నింపిన పేరే రేపు ఆధారంగా చెలామణి అవుతుంది.

చినిగిన పేజీలకు సెల్లోటేపు అంటించవద్దు. దాని జిగురు కొన్నేళ్లకు పచ్చబడి కాగితంలోకి ఇంకుతుంది, పీకితే అక్షరాలు ఊడి వస్తాయి. లామినేషన్ ఇంకా చేటు, తిరిగి విడదీయలేం. పాత నీలినలుపు సిరాలో ఆమ్లం ఉంటుంది. తడి తగిలితే అది కాగితాన్నే తినేస్తుంది, కొన్నిచోట్ల అక్షరం ఉన్న మేర చిల్లు పడుతుంది. పుస్తకాన్ని నూలు నాడాతో కట్టి, నేలకు కనీసం 6 అంగుళాల ఎత్తున, గోడకు ఆనకుండా బీరువాలో పెట్టాలి.

రిజిస్టరు పేజీలను ఫొటో తీసే ముందు చేతులు కడిగి బాగా ఆరబెట్టుకోవాలి, ఫ్యాను ఆపాలి. గ్లౌజులు వద్దు, వాటితో పేజీ అంచు తెలియక చినుగుతుంది. పుస్తకాన్ని బల్లపరుపుగా నొక్కితే కుట్టు తెగుతుంది కాబట్టి రెండు వైపులా దిండ్లు పెట్టాలి. అట్ట నుంచి ఖాళీ పేజీల దాకా వరసగా తీయాలి. ఖాళీ పేజీ వదిలేస్తే తర్వాత చూసేవారికి ఏదో పేజీ పోయిందన్న అనుమానం వస్తుంది. ఈ ఫొటోలకు మూడు ప్రతులు చేసి ఒకటి వేరే ఊళ్లో ఉంచాలి.

ఇళ్లలో పాత బాప్తిస్మ పత్రాలు, పెళ్లి సర్టిఫికెట్లు ఉన్నవారు వాటిని అంటించకుండా, మడతలు బలవంతంగా సాపు చేయకుండా తీసుకురండి. ఫొటో తీసుకుని అసలు కాగితం అక్కడికక్కడే మీకిచ్చేస్తాం.