కొలువు ఇచ్చారు సరే, గోడు చెప్పుకునే చోటేది?

సంపాదకులకు నమస్కారాలు.

పోలీసు నియామకాల్లో మహిళల వాటా గురించి పత్రికల్లో తరచు వార్తలు వస్తున్నాయి. తెలంగాణలో సివిల్ కానిస్టేబుల్ పోస్టుల్లో మూడో వంతు మహిళలకు కేటాయిస్తున్నారు. దేశం మొత్తం మీద పోలీసుల్లో మహిళలు నూటికి పన్నెండుగురికి అటూఇటూగా మాత్రమే ఉన్నారు గనుక ఈ కేటాయింపు అవసరమే. అయితే కానిస్టేబుల్‌గా చేరి, ముప్పై ఏళ్ళ సర్వీసు తర్వాత ఏ.ఎస్.ఐ.గా పదవీ విరమణ చేసిన నాకు, చేర్చుకోవడం మీద జరుగుతున్నంత చర్చ చేరినవాళ్ళు నిలదొక్కుకోవడం మీద జరగడం లేదనిపిస్తోంది. ఒకరికొకరు తోడుగా ఉండి గోడు చెప్పుకునేందుకు మహిళా సిబ్బందికి అధికారిక గుర్తింపు ఉన్న సహాయక బృందం ఒకటి ఉండాలన్నది నా కోరిక.

నేను మొదట పనిచేసిన స్టేషన్‌లో ఆడవాళ్ళం ఇద్దరమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జాతర బందోబస్తుకు తెల్లవారుజామున నాలుగింటికే వ్యానెక్కించి తీసుకెళ్ళారు. ముందురోజు రాత్రి మా హెడ్ కానిస్టేబుల్ అక్క నన్ను పక్కకు పిలిచి, "రేపు నీళ్ళు తక్కువ తాగు, సంచిలో ఒక పాత చీర పెట్టుకో" అని చెప్పింది. ఎందుకో మధ్యాహ్నానికి గానీ నాకు అర్థం కాలేదు. మమ్మల్ని నిలబెట్టిన బారికేడ్లకు కనుచూపు మేరలో మరుగుదొడ్డి లేదు. ఆ చీర ఒక కొసను వ్యాను తలుపుకు ముడివేసి, రెండో కొసను ఒకరం పట్టుకుని నిలబడితే, దాని చాటున ఇంకొకరం పని కానిచ్చుకున్నాం. మహిళా పోలీసంటే రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చోవడం, నిందితురాలికి ఎస్కార్టుగా వెళ్ళడం తప్ప వేరే పని లేదనుకునే ఆ రోజుల్లో, పంచనామా ఎలా రాస్తారో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది కూడా ఆమే. సెలవు చీటీ తిరిగి రాకుండా ఏ మాటలతో రాయాలో, ఎవరి ముందు ఎప్పుడు పెట్టాలో చెప్పింది కూడా ఆమే. ఆమె బదిలీ అయ్యాక ఆరు నెలల పాటు, ప్రతి నెలా జీతం అందుకున్న రోజునే, ఉద్యోగం మానేద్దామా అని ఆలోచించాను.

ప్రతి స్టేషన్‌లో కనీసం ముగ్గురు మహిళా ఎస్.ఐ.లు, పదిమంది మహిళా కానిస్టేబుళ్ళు ఉండాలని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు సూచించింది. మహిళా హెల్ప్‌డెస్క్ ఇరవై నాలుగు గంటలూ నడవడానికని దానికి కారణం చెప్పారు. నాకు మాత్రం ఆ సంఖ్యలో ఇంకో ప్రయోజనం కనిపిస్తుంది. ఇద్దరే ఉన్నచోట ఒకరు సెలవు పెడితే రెండో ఆమె ఒంటరిదవుతుంది. పదిమంది ఉన్నచోట కొత్తగా వచ్చిన పిల్లకు ఎవరో ఒక అక్క దొరుకుతుంది. కానీ అలా దొరకడం ఇప్పటికీ అదృష్టం మీదనే ఆధారపడి ఉంది.

సహాయక బృందం అనగానే, పోలీసులు సంఘాలు పెట్టుకోకూడదని కొందరు వెంటనే అభ్యంతరం చెబుతారు. 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం, అనుమతి లేకుండా కార్మిక సంఘాల్లోనూ రాజకీయ సంఘాల్లోనూ చేరడాన్ని నిషేధిస్తున్న మాట నిజమే. (సర్వీసులో ఉండగా అనుమతి లేకుండా పత్రికలకు రాయడం మీద కూడా ఆ చట్టం ఆంక్ష పెట్టింది గనుకనే, ఈ ఉత్తరం రాయడానికి నేను విరమణ దాకా ఆగవలసి వచ్చింది.) అయితే అదే చట్టం బలగంలో భాగంగా గుర్తింపు పొందిన సంఘాలకూ, కేవలం సామాజిక స్వభావం గల సంఘాలకూ తలుపు తెరిచే ఉంచింది. పై అధికారులు తలచుకుంటే గుర్తింపు ఇవ్వడానికి చట్టం అడ్డురాదు.

లోపల చెప్పుకునే చోటు లేకపోతే ఏమవుతుందో 2024 అక్టోబరులో చూశాం. తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ళ భార్యలు, తమ భర్తలను తరచు ఒకచోటి నుంచి ఇంకో చోటికి పంపుతుండడంతో కుటుంబాలు చెదిరిపోతున్నాయంటూ పిల్లలతో సహా రోడ్డెక్కారు. తర్వాత కానిస్టేబుళ్ళు కూడా నిరసనకు దిగగా 39 మందిని సస్పెండ్ చేసి, 10 మందిని ఉద్యోగం నుంచి తొలగించారు. యూనిఫాంలో ఉండి నిరసనకు దిగడాన్ని నేను సమర్థించను. కానీ ఆ గోడు భార్యల నోట నడిరోడ్డు మీద వినవలసి వచ్చిందంటే, అంతకుముందు సిబ్బంది గోడు అధికారులు వినే దర్బార్లు ఎన్నింటిలో అది ఎవరి చెవికీ ఎక్కకుండా పోయిందో శాఖ ఆలోచించుకోవాలి.

సహాయక బృందం ఉన్నంత మాత్రాన అంతా చక్కబడుతుందని కూడా నేను అనడం లేదు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసు దళంలో నల్లజాతి సిబ్బంది 1994లోనే తమ సంఘం పెట్టుకున్నారు. స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుడి హత్య దర్యాప్తుపై విశ్రాంత న్యాయమూర్తి మక్ఫర్సన్ జరిపిన విచారణలో, దళంలో పాతుకుపోయిన వివక్ష ఎలా పనిచేస్తుందో ఆ సంఘం లోపలి మనుషులుగా వివరించింది. 1999 నాటి నివేదిక ఆ మాటలను లెక్కలోకి తీసుకుంది. అయినా ఇరవై నాలుగేళ్ళ తర్వాత, 2023లో, ఆ దళం తీరుపై లూయిస్ కేసీ అనే ఆమె జరిపిన సమీక్ష, అందులో జాతివివక్ష, స్త్రీద్వేషం ఇంకా వ్యవస్థలోనే ఉన్నాయని తేల్చింది. సంఘం ఉండి కూడా పరిస్థితి అదైతే, అసలు లేనిచోట ఎవరు నోరు విప్పుతారు?

2024 డిసెంబరులో హైదరాబాద్‌లో 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. మంచి నిర్ణయం. చౌరస్తాలో ఎవరైనా వారిని ఎగతాళి చేస్తే పక్కనున్న కానిస్టేబుల్ అడ్డుకుంటాడు. ఆ మాట తోటి సిబ్బంది నోటి నుంచే వస్తే ఎవరికి చెప్పుకోవాలో వారికి ముందుగానే తెలిసి ఉండాలి.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి జిల్లాలో మహిళా సిబ్బందికి ఒక బృందాన్ని అధికారికంగా గుర్తించి, మూడు నెలలకొకసారి డ్యూటీ వేళల్లోనే సమావేశం కానివ్వాలి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రెండేళ్ళు మరో స్టేషన్‌కు చెందిన సీనియర్ ఒకరిని తోడుగా కేటాయించాలి. ఆ సీనియర్‌కు ఈమె పనితీరు నివేదికతో సంబంధం ఉండకూడదు, లేకపోతే ఎవరూ మనసు విప్పరు. లైంగిక వేధింపుల నిరోధానికి 2013 చట్టం ప్రకారం ఉండవలసిన అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి స్టేషన్ నోటీసు బోర్డు మీద కనిపించాలి. ఇక పెద్ద బందోబస్తు ఏదైనా ఉంటే, బారికేడ్లు, మంచినీళ్ళ డ్రమ్ములు రాసే జాబితాలోనే మహిళా సిబ్బందికి సంచార మరుగుదొడ్డి అని ఇంకొక వరుస చేర్చాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత మహిళా ఏ.ఎస్.ఐ.,
హనుమకొండ