ఇంగ్లిష్ పదాల పుట్టుక కూడా చెప్పండి

సంపాదకులకు,

సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం ఉండాలా వద్దా అన్న పంచాయితీలోకి పోను. తెలంగాణలో 2022-23 నుంచి ఆ మీడియం నడుస్తూనే ఉంది. ఇంగ్లిష్ మాటలతో పిల్లలు పడుతున్న తిప్పల గురించే ఈ ఉత్తరం.

మా పక్కింటి అమ్మాయి ఏడో తరగతి. ‘ఫొటోసింథసిస్’ స్పెల్లింగు పేజీ నిండా రాస్తుంది, కింద ‘కిరణజన్య సంయోగక్రియ’ అని పెడుతుంది. రెండూ అర్థం కాలేదనే అంటుంది. గ్రీకులో ‘ఫొటో’ అంటే వెలుగుకు సంబంధించింది, ‘సింథసిస్’ అంటే కూర్చడం అని ఒక్క ముక్క చెప్పి ఉంటే బట్టీ సగం తగ్గేది. ఫొటోగ్రాఫ్‌కు ఆ పేరెందుకు వచ్చిందో కూడా తనే పట్టుకునేది.

తెలుగు మీడియంలో చదివిన మా తరానికి ఉదజని (హైడ్రోజన్), ఆమ్లజని (ఆక్సిజన్) గుర్తుండే ఉంటాయి. ఆ పేర్లు పెట్టినవాళ్లు మూలం చూసే పెట్టారు. హైడ్రో అంటే నీరు, జెన్ అంటే పుట్టించేది, కాబట్టి ఉదజని. ఆమ్లాలన్నిటికీ మూలం ఆక్సిజనే అనుకుని ఫ్రెంచ్ శాస్త్రవేత్త లావోయిజర్ దానికి ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అనే అర్థంతో ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదని తర్వాత తేలింది. అప్పటికే పేరు స్థిరపడిపోయింది, ఆ పొరపాటు మన ‘ఆమ్లజని’లోకీ దిగింది. కెమిస్ట్రీ టీచరుకు ఇంతకంటే మంచి పాఠం ఏం దొరుకుతుంది?

అమెరికాలో ఏటా జరిగే జాతీయ స్పెల్లింగ్ పోటీ ‘స్పెల్లింగ్ బీ’లో మన తెలుగువాళ్ల పిల్లలు గెలిస్తే ఇక్కడ పేపర్లలో ఫొటోలు వేసుకుంటాం. ఆ పోటీలో పిల్లలు పదం వినగానే అడిగే ప్రశ్నల్లో ఒకటి, అది ఏ భాష నుంచి వచ్చిందని. గ్రీకు అని తెలిస్తే న్యుమోనియా ముందు పలకని ‘పి’ ఉంటుందని ఊహించవచ్చు. మన క్లాసులో మాత్రం ‘పి సైలెంట్’ అని చెప్పి వదిలేస్తారు.

అయితే పదాల పుట్టుక గురించి వాట్సాప్‌లో తిరిగే కథలు వద్దు. నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు కలిపితే ‘న్యూస్’ అయిందన్నది కట్టుకథ. ఇంగ్లిష్ మాటలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయన్నదీ అంతే. దంతానికీ డెంటల్‌కీ ఉన్నది ఒకే పాత మూలం నుంచి వచ్చిన చుట్టరికం, ఒకదాని నుంచి ఇంకోటి తెచ్చుకున్న అప్పు కాదు. అప్పు కావాలంటే ‘బ్యాండికూట్’ ఉంది, అది మన పందికొక్కే.

పాఠ్యపుస్తకాలు తయారుచేసే రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలకూ నా విన్నపం ఒక్కటే. ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఎలాగూ ఉన్నాయి. కొత్త మాట వచ్చినచోట పేజీ అడుగున దాని మూలం ఒక్క వాక్యంలో వేయండి. ప్రత్యేక పీరియడ్ అక్కర్లేదు, పరీక్షలో మార్కులు అసలే వద్దు. హైడ్రో, థర్మో, మైక్రో, బయో, టెలి లాంటి నాలుగు ముక్కలు పట్టుబడితే పిల్లలు చాలా మాటలు తామే విప్పుకుంటారు. వచ్చే ముద్రణలో ఏడో తరగతి సైన్స్ పుస్తకంతో మొదలుపెట్టినా చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్స్ టీచర్, ఖమ్మం