గ్రేడు కాలమ్ గొడవ తేలిందిరా!

విజయనగరం

ఒరేయ్ బావా,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడంతా కులాసా. సిరిమాను పండక్కి ఎలాగూ వస్తావు, మిగతా కబుర్లు అప్పుడు. ముందు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉన్న నీ పలాస జీడిపప్పు టేబుల్ సంగతి చెప్పెయ్యాలి!

గ్రేడులో 1, 2, 3 ఉన్నా జావాలో అన్నీ ట్రూ అనే వస్తున్నాయన్నావు కదా. ఆ కాలమ్ టైపు టినీఇంట్(1)రా, అంటే చిన్న పూర్ణాంకాలది, అదీ సంగతి. ఆ 1 అంటే ఒక్క అంకే పడుతుందని కాదు, చూపించే వెడల్పు అంతే. లోపల -128 నుంచి 127 దాకా పడుతుంది. కానీ మైఎస్‌క్యూఎల్ జావా డ్రైవరు (రెంటినీ కలిపే ప్రోగ్రాము) దాన్ని బిట్ కింద, అంటే 0 లేదా 1 కింద, లెక్కేసి, గెట్‌ఆబ్జెక్ట్ అని విలువ అడిగితే బూలియన్, అంటే ట్రూ లేదా ఫాల్స్, ఇస్తుంది. కనెక్షన్ యూఆర్‌ఎల్‌లో టినీఇంట్1ఈజ్‌బిట్=ఫాల్స్ అని చేర్చు, అంకెలు అంకెల్లాగే వస్తాయి.

మన గంటస్తంభం పందెం గుర్తుందా? ఎవరి గడియారం చూసి చెప్పామన్న దగ్గరే తేలింది కదా! ఇక్కడా అంతే. రిజల్ట్‌సెట్ మెటాడేటాని, అంటే వచ్చిన ఫలితంలోని కాలమ్‌ల వివరాలని, అడిగితే డ్రైవరు మాట వినిపిస్తుంది. టేబుల్‌లో కాలమ్ టైపు ఏమని రాసుందో కావాలంటే, డేటాబేస్ తన టేబుళ్ల వివరాలు దాచుకునే ఇన్ఫర్మేషన్_స్కీమాలో కాలమ్స్‌ని అడుగు. అక్కడా డేటా_టైప్ ఒక్కటే తీస్తే ఉత్త టినీఇంట్ అంటుంది. కాలమ్_టైప్ తియ్యి. టినీఇంట్(1), ఇంట్ అన్‌సైన్డ్, డెసిమల్(10,2), ఈనమ్ (ముందే ఇచ్చిన విలువల్లో ఒకటే పట్టే టైపు) అయితే దాని విలువలతో సహా, అన్నీ అందులోనే ఉంటాయి. వేర్‌లో టేబుల్_నేమ్‌తో పాటు టేబుల్_స్కీమా (డేటాబేస్ పేరు) తప్పకుండా పెట్టు. లేదంటే టెస్ట్ డేటాబేస్‌లో అదే పేరున్న టేబుల్ కాలమ్‌లు కూడా వచ్చి కలిసిపోతాయి, ఏది ఎవరిదో తెలీక జుట్టు పీక్కుంటావు. వరస కోసం ఆర్డర్ బై ఆర్డినల్_పొజిషన్.

పోస్ట్‌గ్రెస్‌ డేటాబేస్‌కి మారతానన్నావు, అక్కడ కాలమ్_టైప్ ఉండదు మరి. ఎరే (ఒకే గడిలో విలువల జాబితా) కాలమ్‌కి డేటా_టైప్ ఎరే అని ఊరుకుంటుంది, దేని ఎరేనో చెప్పదు. యూడీటీ_నేమ్ చూడు, _ఇంట్4 (పూర్ణాంకాల ఎరే) అనో _టెక్స్ట్ అనో ఉంటుంది.

ఫోన్లో ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మాత్రం వేరే లోకంరా! అక్కడ ప్రాగ్మా టేబుల్_ఇన్ఫో అనే ఆదేశం చెప్పేది టేబుల్ కట్టినప్పుడు రాసిన టైపు. స్ట్రిక్ట్ అని కట్టకపోతే ఇంటిజర్ కాలమ్‌లో అక్షరాలు పెట్టినా పుచ్చుకుంటుంది. నిజంగా ఏముందో తెలియాలంటే సెలెక్ట్‌లో టైప్‌ఆఫ్(గ్రేడు) అని వరస వరసకీ అడగాల్సిందే.

ఒరాకిల్ డేటాబేస్ గురించి కూడా అడిగావు. కాలమ్‌ల వివరాలుండే ఆల్_ట్యాబ్_కాలమ్స్‌లో టేబుల్ పేరు పెద్దక్షరాల్లో ఇవ్వు, చిన్నక్షరాల్లో ఇస్తే ఒక్క వరసా రాదు, ఎందుకంటే కోట్స్ లేకుండా కట్టిన పేర్లని అది... అయ్యో, పాసింజరు వచ్చేస్తోంది. మిగతాది మళ్లీ రాస్తా.

నీ
బావ